మా ఇంట్లోనే ఉండి "ఎవరు మీరు?" అన్న పెట్టెకు

మహారాజశ్రీ నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె గారి దివ్యసముఖానికి,

నమస్కారములు. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మన ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే. చెప్పుల స్టాండు పక్కన పచ్చదీపం పెట్టుకుని చల్లగా కూర్చున్నారు. నేను మాత్రం ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి "ఐదు నిమిషాల్లో వస్తా, వడ్డించేయ్" అని లేచినవాణ్ణి, రాత్రి తొమ్మిదింటికి చల్లారిపోయిన పప్పుచారు పోసుకుని తిన్నాను.

తమర్ని ఎందుకు పిలిపించామో తెలుసు కదా. పోయిన నెల పాత పోర్టబుల్ డిస్కు బల్ల మీంచి జారిపడింది. దులిపి పెడితే గడియారంలా టక్‌టక్‌మంది, అంతే. చెల్లి పెళ్లి ఫొటోలు సగం దాంతోపాటే వెళ్లిపోయాయి. గూగుల్ ఫొటోస్‌లో ఎంతైనా పోసుకోవచ్చన్న మహాభోగం 2021 జూన్ 1తో సరి, 15 జీబీ గిన్నె ఎప్పుడో పొర్లిపోయింది. అందుకని ఇంట్లో ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లూ, నాన్న వదిలివెళ్లిన పాత డెస్క్‌టాపూ అన్నీ ఒకే చోట బ్యాకప్ అయ్యేలా తమర్ని తెచ్చాను. తెనాలి నుంచి వచ్చిన అమ్మకి "దీపాలవేళకల్లా అన్నీ భద్రం" అని మాట కూడా ఇచ్చేశాను. ఆ తప్పు నాదే.

ముందుగా తరుగు సంగతి. నాలుగేసి టీబీల డిస్కులు రెండు కొన్నాను. ఒకదాని నకలు ఇంకొకటి అన్నారు కాబట్టి ఎనిమిది నాలుగయ్యింది, సరే. ఆ నాలుగు కాస్తా ల్యాప్‌టాప్‌లో చూస్తే 3.63. తయారుచేసేవాడు వెయ్యి చొప్పున కొలుస్తాడట, కంప్యూటరు 1024 చొప్పున కొలుస్తుందట. ధాన్యం కాటా దగ్గర తరుగు తీసేవాళ్లు కూడా ఎదురుగా నిలబడి తీస్తారు, తమరిది ఆ మాత్రం మొహమాటం కూడా లేని లెక్క. పైగా మా బావమరిది "రెండు డిస్కులున్నాయి కదా బావా, అదే బ్యాకప్" అంటాడు. పొరపాటున ఒక ఫోల్డరు చెరిపితే రెండు డిస్కులూ ఏకకాలంలో చెరుపుతాయని వాడికి ఎవరు చెప్పాలి? సాఫ్ట్‌వేర్‌లో పదేళ్ల అనుభవం వాడిది.

అవన్నీ క్షమించాను. ఆ చిన్న కిటికీని మాత్రం క్షమించలేను.

మధ్యాహ్నం ఒంటిగంటకి ల్యాప్‌టాప్‌లో తమరి పేరు కనబడింది. సంబరంగా నొక్కాను. "నెట్‌వర్క్ క్రెడెన్షియల్స్ ఎంటర్ చెయ్యండి" అన్నారు, అంటే పేరూ పాస్‌వర్డూ చెప్పమని. రోజూ ల్యాప్‌టాప్ తెరిచే నాలుగంకెల పిన్ కొట్టాను. తప్పు అన్నారు. నెమ్మదిగా కొట్టాను. తప్పే. ఆ పిన్ ఆ ల్యాప్‌టాప్ గుమ్మం దాటి చెల్లదనీ, తమరికి తమరి సొంత జనాభా లెక్కలుంటాయనీ, అందులో నా పేరు విడిగా ఎక్కించుకోవాలనీ రెండున్నరకి గానీ తెలియలేదు. ఎక్కించుకున్నాను. పెద్ద అక్షరాలా చిన్న అక్షరాలా అని చూసి మరీ పాస్‌వర్డ్ పెట్టాను. మళ్లీ అదే కిటికీ. "యూజర్ నేమ్ ఆర్ పాస్‌వర్డ్ ఈజ్ ఇన్‌కరెక్ట్." ఆ 'ఆర్' చూశారూ, అక్కడే నాకు తిక్కరేగింది. పేరు తప్పా, పాస్‌వర్డ్ తప్పా? తమరికి తెలుసు. చెప్పరు. దొంగలకి ఆనవాలు దొరక్కూడదని అలా పెట్టారట. దొంగ ఎవరండీ ఇక్కడ? లుంగీ కట్టుకుని, తిండి మానేసి, తమరి పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నది నేనేగా!

అసలు నువ్వెవరు నన్నడగడానికి? నీ అట్టపెట్టె కోసింది నేను. నీ ఒంటి మీద ప్లాస్టిక్ పీకింది నేను. నీకు డిస్కులు బిగించి, ఆ నాలుగు బుల్లి స్క్రూల్లో ఒకటి సోఫా కింద దొర్లితే పాకి తీసుకొచ్చింది నేను. పెళ్లిపందిట్లో వాచ్‌మన్ పెళ్లికొడుకుని పట్టుకుని "శుభలేఖ ఉందా సార్?" అన్నట్టు, నా ఇంట్లో, నా కరెంటు తాగుతూ, నన్ను "ఎవరు మీరు?" అంటావా?

నాలుగింటికి కొత్త వేషం వేశావు. ఒకే మనిషి ఒకే సర్వరుకి రెండు పేర్లతో రాకూడదట! అంతకుముందు పనిచేస్తోందో లేదో చూద్దామని అడ్మిన్ (నీ పెత్తందారు ఖాతా) పేరుతో ఒక్కసారి లోపలికొచ్చాను, ల్యాప్‌టాప్ దాన్ని మనసులో పెట్టేసుకుంది. ఇప్పుడు నా పేరుతో వస్తే ఒప్పుకోదు. ఆ మాట అన్నది నువ్వు కాదు, ల్యాప్‌టాప్ అని తెలుసు. ఇద్దరూ తోడుదొంగలే. మందేమిటంటే నీ పేరు బదులు, రూటరు నీకిచ్చిన ఇంటినంబరు 192.168.1.7 అని కొట్టడం. కొట్టగానే తలుపు బార్లా తెరిచావు! పెట్టె అదే, మనిషి అదే, పాస్‌వర్డ్ అదే. వీధిగుమ్మంలో గెంటేసినవాడినే పెరటిగుమ్మంలో "రండి అల్లుడుగారూ" అన్నావు. దీన్ని భద్రత అంటారా?

అంతలో కరెంటు పోయింది. ఇన్వర్టరు లైన్ నీ ప్లగ్గుకి లేదు. ఐదు నిమిషాల్లో వచ్చింది గానీ, ఈలోపు రూటరు నీ ఏడో నంబరు తీసుకెళ్లి టీవీకి ఇచ్చేసింది. అరగంట పాటు నేను టీవీ తలుపు కొట్టి పాస్‌వర్డ్ అడుక్కున్నానన్నమాట. నీ నంబరు నీకే ఖాయం చెయ్యాలంటే రూటరులోకి వెళ్లాలి, దాని పాస్‌వర్డ్ నెట్ అబ్బాయి దగ్గరుంది, ఆదివారం వాడు ఫోనెత్తడు. ఎత్తాక, "రూటర్ కింద స్టిక్కరు మీదే ఉంది కద్సార్" అన్నాడు.

వేగం గురించి ఒక్క మాటే. రూటరు పోర్టు వంద ఎంబీపీఎస్‌ది. ఆ వంద మెగాబిట్లు, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు, అంటే సెకనుకి పదకొండు పన్నెండు ఎంబీ దాటదు. నా ఆరొందల జీబీకి పదిహేను గంటలు. తెల్లవార్లూ కడుపుబ్బరం మనిషిలా గుర్రుమంటూనే ఉన్నావు.

ఇక నాన్న డెస్క్‌టాప్. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకోవడానికి దానికి తెలిసిన భాష, పాతకాలపు ఎస్ఎంబీ1 ఒక్కటే. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వన్నాక్రై వైరస్ ఆ పాత భాషలోని కన్నంలోంచే లోకమంతా పాకింది కాబట్టి నువ్వు ఆ భాష మాట్లాడవు. ఇందులో నీ తప్పులేదు, ఒప్పుకుంటాను. సెట్టింగుల్లో మళ్లీ తెరిచే మీట కనబడింది గానీ చెయ్యి రాలేదు. చివరికి పెన్‌డ్రైవ్ పట్టుకుని వెనక గదికీ హాలుకీ మధ్య పదకొండుసార్లు తిరిగాను. నెట్‌వర్క్ అంటే నేనే.

పదకొండో విడతలో "ఇల్లు" అని ఒక ఫోల్డరు వచ్చింది. నాన్న ఎక్సెల్లో రాసుకున్న 2008 లెక్కలు. పాలు, గ్యాస్ బండ, చెల్లి ఫీజు, "వాడికి బూట్లు". ఆ వాడు నేనే. ఆ ఫైలు నీలోకి ఎక్కి, పక్కన పచ్చటి టిక్కు పడింది. ఆ ఒక్క క్షణం మాత్రం నీ మీద కోపం రాలేదు. అది వేరే సంగతి.

అమ్మ వెనకాలే నిలబడి చూసింది. "ఇప్పుడివి ఎక్కడున్నట్టురా?"

"చెప్పుల స్టాండు పక్కన, ఆ పెట్టెలో అమ్మా."

"అది పాడైతేనో?"

మూడు నకళ్లు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట అని లోకమంతా పాఠంలా వల్లించే సూత్రం. ఈవిడ ఎక్కడా చదవలేదు. అందుకని తెలియజేయునది ఏమనగా, నీకో తమ్ముడు వస్తున్నాడు. మామూలు పోర్టబుల్ డిస్కే. అమ్మతోపాటు తెనాలి వెళ్లి బీరువాలో చీరల కింద ఉంటాడు. వాడు ఎవర్నీ పేరడగడు.

ఇట్లు,
తమరి యజమాని
(చిన్న అక్షరాల్లో, ఖాళీ లేకుండా)

తా.క.: ఇందాక దోమల మందు మిషన్ పెట్టడానికి అమ్మ నీ ప్లగ్గు పీకింది. నేను చూశాను. ఏమీ అనలేదు.