నీళ్లు తేటపడ్డాయి సరే, అడుగున బురద సంగతేంటి?

జపాన్‌లో ప్రమాదానికి గురైన ఫుకుషిమా అణువిద్యుత్ ప్లాంటు పేరెత్తితే ఇప్పుడు మాటంతా ట్యాంకుల్లోంచి పసిఫిక్‌లోకి వదులుతున్న శుద్ధి చేసిన నీటి మీదికే పోతోంది. 2023 ఆగస్టు 24న ఆ విడుదల మొదలైన రోజే జపాన్ చేపల దిగుమతిని చైనా ఆపేసింది. ఆ నీళ్లలో ప్రధానంగా మిగిలేది ట్రిటియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్. అది నీటిలో కలిసి పలచబడిపోతుంది. అంతకన్నా టెన్షన్ పడాల్సింది 2011లోనే సముద్రం అడుగుకు చేరిన సీజియం అనే రేడియోధార్మిక లోహం గురించి. దాని ఊసెత్తేవాళ్లే తక్కువ.

ఆ ఏడాది మార్చి 11 సునామీ తర్వాత మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది. ఏప్రిల్ మొదట్లో రెండో యూనిట్ దగ్గర ఒక పగులులోంచి రేడియోధార్మిక నీరు నేరుగా సముద్రంలోకి కారింది. ప్లాంటు కాలువ కలిసే చోట ఘనపు మీటరు నీటిలో సీజియం-137 దాదాపు 6.8 కోట్ల బెకరెల్స్‌కు (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) చేరింది. ప్రమాదానికి ముందు జపాన్ తీరంలో అది ఒకటి, రెండు బెకరెల్స్ మాత్రమే. పగులు పూడ్చాక నెల తిరిగేసరికి వెయ్యి రెట్లు తగ్గింది. గండం గడిచిందనుకున్నారు.

సముద్రంలో పడిన సీజియం మొత్తంలో అడుగుకు చేరింది కొద్ది శాతమే. కానీ చేరింది మట్టిని అంత తేలిగ్గా వదలదు. బంకమట్టిలోని మైకా లాంటి ఖనిజాలు పలుచని పొరలుగా ఉంటాయి. ఆ పొరల అంచుల సందుల్లో సీజియం గట్టిగా ఇరుక్కుపోతుంది. దీనివల్ల కొంత మేలుంది, చేపల ఒంట్లోకి ఎక్కే వాటా తగ్గుతుంది. కీడు కూడా అక్కడే ఉంది. పురుగులు ఆ బురదను తవ్వి లోపలికి కలుపుతాయి, తుఫానులూ ట్రాలర్ వలలూ మళ్లీ పైకి లేపుతాయి. కొండల మీద, అడవుల్లో పడిన సీజియం వరదలొచ్చినప్పుడల్లా అబుకుమా లాంటి నదుల ఒండ్రుతో వచ్చి చేరుతూనే ఉంటుంది. సీజియం-137లో సగం తరగడానికే 30 ఏళ్లు పడుతుంది.

పై నీళ్లలో తిరిగే చేపలు సీజియంను త్వరగానే వదిలించుకున్నాయి. అడుగున బతికేవాటికి అది అంత తేలిక కాలేదు. 2013లో ప్లాంటు రేవులో పట్టిన ఒక ఐనమె చేపలో కిలోకు 7.4 లక్షల బెకరెల్స్ తేలాయి. జపాన్ పెట్టుకున్న పరిమితి 100. రేవు అడుగును బంకమట్టి, సిమెంటు కలిపి కప్పేశారు. అయినా 2023 మేలో అదే రేవులో దొరికిన రాక్‌ఫిష్‌లో 18,000 కనిపించాయి. రేవు బయట పట్టే చేపలు ఇప్పుడు దాదాపు అన్నీ పరిమితికి లోపలే ఉన్నాయి, ఈ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ 2022 జనవరిలో బయట పట్టిన ఒక రాక్‌ఫిష్‌లో 1,400 తేలగానే ఆ రకం చేపల అమ్మకమే ఆగింది. ఒక్క చేపతో ఊరంతటి వేటకు దెబ్బ.

ఇది ఫుకుషిమాకే పరిమితం కాదు. బ్రిటన్‌లో వాడిన అణుఇంధనాన్ని శుద్ధి చేసే సెల్లాఫీల్డ్ కేంద్రం నుంచి 1970ల్లో ఐరిష్ సముద్రంలోకి భారీగా వ్యర్థజలాలు వదిలారు. తర్వాత విడుదల బాగా తగ్గించారు. అప్పట్లో సీజియాన్నీ ప్లుటోనియాన్నీ పట్టి ఉంచిన బురదే ఇప్పుడు వాటిని కొద్దికొద్దిగా నీటిలోకి తిరిగి వదులుతోంది.

మన తీరంలో శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ దగ్గర 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు కట్టాలన్న ప్రతిపాదన ఉంది. ఆ తీరంలో వేటే బతుకుదెరువైన ఊళ్లున్నాయి, వాళ్ల వలల్లో పడే రొయ్యలూ పీతలూ అడుగు మట్టి మీదే పెరుగుతాయి. ప్లాంటు కావాలా వద్దా అన్నది వేరే చర్చ. కట్టేదే అయితే ముందుగా ఆ సముద్రపు అడుగు మట్టిలో ఇవాళ ఏముందో లెక్క తీసి పెట్టాలి. పాతకాలపు అణుపరీక్షల సీజియం కొంత ఎలాగూ ఉంటుంది. ఆ లెక్క లేకపోతే రేపు ఏదైనా జరిగినా, జరగకపోయినా, రుజువు చూపడం ఎవరి తరమూ కాదు. నమూనాలు ప్లాంటు యాజమాన్యం కాకుండా ఏదైనా విశ్వవిద్యాలయం తియ్యాలి, ఏటా తియ్యాలి, ఫలితాలు తెలుగులో మత్స్యకార సంఘాల చేతికి అందాలి.