సవరణ: టీఎస్‌హెచ్ విషయంలో తప్పు రాశాను

థైరాయిడ్ మందగించిన లక్షణాల గురించి మొన్న పెట్టిన పోస్టులో, రక్తపరీక్షలో చూసే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను) గురించి చెబుతూ "టీఎస్‌హెచ్ తక్కువ వస్తే థైరాయిడ్ సరిగా పనిచేయనట్టే" అన్నాను. పొరపాటు నాదే, తలకిందులుగా రాశాను. థైరాయిడ్ మందగిస్తే టీఎస్‌హెచ్ సాధారణంగా పెరుగుతుంది. ఇంకా పని చెయ్యమని మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని ఎక్కువగా వదులుతుంది మరి. వైద్య పాఠ్యపుస్తకాల్లో ఉన్నది ఇదే. పిట్యూటరీలోనే లోపం ఉంటే మాత్రం టీఎస్‌హెచ్ పెరగకపోవచ్చు, టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోను) తగ్గుతుంది. అది అరుదు.

నీరసం, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం అని రాసినవి సరైనవే. కాకపోతే నీరసం, చలి రక్తహీనతలోనూ ఉంటాయి. నా పోస్టు చూసి, టీఎస్‌హెచ్ ఎక్కువొచ్చినా ఫర్వాలేదని రిపోర్టు పక్కన పెట్టేసినవాళ్లు దాన్ని డాక్టరుకు చూపించండి.