వేన్నీళ్లు మిద్దెమీద ఉన్నాయి, కొళాయిలో లేవు

తిరుపతిలో చలేమిటని బయటి ఊళ్లవాళ్లు అనుకోవచ్చు గానీ, ధనుర్మాసంలో తెల్లవారుజామున నాలుగున్నరకు చన్నీళ్లు నెత్తిన పోసుకోవడం డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి చిన్న విషయం కాదు. తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపించే ఆ నెల రోజులూ తలస్నానం చేసి గోవిందరాజస్వామి గుడికి వెళ్లడం మా అమ్మకు నలభై ఏళ్ల అలవాటు. అందుకోసమే మిద్దెమీద 200 లీటర్ల సోలార్ హీటరు పెట్టించాం. ఈసారి ధనుర్మాసం మొదలైన రోజు నుంచే కొళాయిలో గోరువెచ్చని నీళ్లు కూడా సరిగా రాలేదు. మూడు వారాలు గ్యాస్ పొయ్యిమీద గిన్నెలతో కాచి, బాత్రూం దాకా మోసి పోశాం. ఆ మూడు వారాల్లో మా ఇంటికి వచ్చి వెళ్లిన ముగ్గురు మెకానిక్కుల తీరు చూశాక, కారణం కనిపెట్టకుండా సామాను మార్చడాన్ని మరమ్మతు అనడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

మొదటి అతను మెట్లెక్కనైనా లేదు. మబ్బులు పట్టాయి కాబట్టి నీళ్లు కాగవని కిందినుంచే చెప్పి, వచ్చినందుకు డబ్బులు తీసుకుని వెళ్లాడు. ఈశాన్య రుతుపవనాల వేళ మన వైపు రోజుల తరబడి ముసురు పట్టేది నిజమే, అప్పుడు సోలార్ నీళ్లు చల్లబడేదీ నిజమే. కానీ అతను వచ్చిన నాటికి వారం రోజులుగా ఎండ బాగానే కాస్తోంది. రెండో అతను పైకి వెళ్లి, ఇరవై గాజు గొట్టాల్లో ఒకటి చెడిపోయిందని చూపించి, మొత్తం ఇరవై మార్చాలని 12,000 రూపాయలు చెప్పాడు. మూడో అతను ట్యాంకులో 2 కిలోవాట్ల కరెంటు కాయిల్ వేసుకుంటే ఇక సోలార్‌తో పనే ఉండదన్నాడు.

గొట్టాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతున్నారు. ఒక్కో గొట్టం నిజానికి ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు గాజు గొట్టాలు, ఆ రెండింటి నడుమ గాలి లేని ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ వల్లనే లోపలి వేడి బయటికి పోదు. గొట్టం అడుగు కొసన అద్దంలా మెరిసే వెండి రంగు పూత ఒకటి కనిపిస్తుంది, అది బేరియం. గాజు ఎక్కడైనా చిట్లి లోపలికి గాలి చేరితే ఆ మెరుపు పోయి, పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది. ఎవరైనా కూర్చుని కంటితో చూసి తెలుసుకోగల విషయం ఇది. మా ఇంట్లో పంతొమ్మిది గొట్టాలు మెరుస్తున్నాయి, ఒక్కటే తెల్లబడింది. ఇరవైలో ఒకటి పోతే నీళ్ల వేడి కాస్త తగ్గుతుందే తప్ప కొళాయిలో చన్నీళ్లు రావు. ఈ మాట రెండో అతనికి తెలియదని నేను అనుకోను.

మూడో అతను వెళ్లిన సాయంత్రం నేనే మిద్దెమీదికి వెళ్లి, ట్యాంకునుంచి కిందికి దిగే వేన్నీళ్ల పైపుమీద చెయ్యి పెట్టాను. చురుక్కుమని వెంటనే తీసేశాను. అప్పుడే కిందికి వచ్చి బాత్రూంలో కొళాయి తిప్పితే చల్లగానే వస్తున్నాయి. అంటే హీటరు తన పని తాను చేస్తూనే ఉంది, నీళ్లే ఇంట్లోకి రావడం లేదు. కాయిల్ వేయించుకుని ఉంటే, 200 లీటర్లను 25 డిగ్రీలనుంచి 60 డిగ్రీలకు కాచడానికి ఎనిమిది యూనిట్లకు పైగా కరెంటు కాల్చి, అప్పటికే వేడిగా ఉన్న ట్యాంకును ఇంకా వేడి చేసి ఉండేవాళ్లం. అమ్మకు మాత్రం చన్నీళ్లే మిగిలేవి.

మరునాడు మా ఇల్లు కట్టినప్పుడు పైపుల పని చేసిన పెద్ద మేస్త్రిని పిలిపించాను. ఆయన పైకి చూడకముందే అడిగిన మాట ఒక్కటే. "ఈ మధ్య బాత్రూముల్లో ఏమైనా కొత్తగా బిగించినారా సార్?" అప్పుడు గుర్తొచ్చింది. మే నెలలో పై గదిలో చేతితో పట్టుకునే షవర్ ఒకటి పెట్టించాం. మన ఊరి ఎండాకాలంలో వేన్నీళ్ల కొళాయి తిప్పేవాళ్లెవరు? కాబట్టి లోపం ఏడు నెలలు ఎవరికీ తెలియకుండా అలాగే ఉండిపోయింది.

మేస్త్రి సోలార్ ట్యాంకులోకి చన్నీళ్లు వెళ్లే వాల్వు కట్టేసి, కింది బాత్రూంలో వేన్నీళ్ల కొళాయి విప్పమన్నారు. ట్యాంకులోకి నీళ్లు రాకపోతే కాసేపటికి ఆ కొళాయి ఆగిపోవాలి. పది నిమిషాలు చూశాం, ధార సన్నబడలేదు. "చూసినారా, పైన కట్టేసినా వస్తా ఉండాయి. ఇవి హీటర్‌లోవి కాదు సార్, పక్క లైన్‌లోంచి దూరిన చన్నీళ్లు" అన్నారు.

పై గదిలో స్నానం చేసినవాళ్లు, వేన్నీళ్లూ చన్నీళ్లూ కలిపే మిక్సర్ కొళాయి దగ్గర రెండు మరలూ విప్పి ఉంచి, చేతిలోని షవర్ మీటమీంచి వేలు మాత్రం తీసేస్తున్నారు. ధార ఆగుతుంది గనుక కట్టేశామనే అనుకుంటారు. కానీ లోపల చన్నీళ్ల పైపూ వేన్నీళ్ల పైపూ కలిసిపోయి ఉంటాయి. కింద ఎవరు వేన్నీళ్లు తిప్పినా, సోలార్ ట్యాంకునుంచి దూరాన దిగివచ్చే నీటికంటే ముందు ఈ దగ్గరి దారిలో చన్నీళ్లు వచ్చేస్తాయి. ఆ రెండు మరలూ కట్టేసిన కాసేపటికే కింది కొళాయిలో పొగలు కక్కే నీళ్లు వచ్చాయి. నీళ్లు వెనక్కి మళ్లకుండా ఆ మిక్సర్‌కు రెండు నాన్ రిటర్న్ వాల్వులు (ఎన్‌ఆర్‌వీలు) బిగించి, వాటి ఖరీదు కాకుండా కూలి 400 రూపాయలు మాత్రమే తీసుకున్నారు.

బోరు నీళ్ల సున్నం కూడా ఇక్కడ నిజమైన సమస్యే, దాన్ని నేను కాదనడం లేదు. ఏడాదికోసారి ట్యాంకు ఖాళీ చేసి కడిగించుకోవాల్సిందే. అయితే ఎండ వేళ ఖాళీ గొట్టాల్లోకి చన్నీళ్లు వదలనివ్వకండి, కాలిన గాజు పగులుతుంది. పొద్దు పొడవకముందే నింపించండి.

ఇంటికి వచ్చే మెకానిక్కుకు నేను చెప్పదలిచింది ఒకటే. పైపుమీద చెయ్యి పెట్టి, వాల్వు కట్టి చూసి, ఫలానా కారణమని చూపించాకే డబ్బులు అడగండి. డబ్బులిచ్చే మనమూ ఆ కారణం చూపించమని గట్టిగా అడగాలి. మూడు వారాలు అలా అడగకుండా మా అమ్మను గిన్నెడు నీళ్లతో సరిపెట్టుకోమన్నందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇంకో పని మిగిలింది. మిద్దెనుంచి బాత్రూం దాకా ఇరవై మీటర్ల ముప్పావు అంగుళం పైపు ఉంది, రాత్రంతా అందులో నిలిచిన ఐదారు లీటర్లు పొద్దున చల్లగానే వస్తాయి. ఆ పైపుకు తొడుగు వేయిస్తే వేడి ఇంకొంతసేపు నిలుస్తుందని మేస్త్రి అన్నారు. సంక్రాంతి వెళ్లగానే వస్తానన్నారు. అందాకా ఆ మొదటి నీళ్లు పక్క బకెట్‌లోకి పట్టి మొక్కలకు పోస్తున్నాం.