ఒక్కరే తొక్కండి అన్న సలహా ఎవరి కోసం?

కరోనా రోజుల్లో సైకిల్ తొక్కేవాళ్ళకి అందరూ చెప్పింది ఒకటే: గుంపుగా వద్దు, ఒక్కరే వెళ్ళండి. వైద్యం ప్రకారం చూస్తే అందులో తప్పేం లేదు. కానీ ఇంకా వెలుగు కూడా రాని ఐదింటికి విజయవాడ దగ్గర మూలపాడు అడవి దారిలోకో, గుంటూరు వైపు కొండవీడు ఘాట్ రోడ్డు మీదకో ఆడమనిషిని ఒక్కదాన్నే ఎవరింట్లో పంపిస్తారు? మౌంటెన్ బైక్, అంటే కొండ దారుల్లో, మట్టి దారుల్లో వెళ్ళే సైకిల్, తొక్కే ఆడవాళ్ళకి గ్రూపు సరదా మాత్రమే కాదు, గడప దాటడానికి ఇంట్లో చూపించే పర్మిషన్ కూడా. అది పోతే వేలు పోసి కొన్న గేర్ల సైకిల్ మీద తడి తువ్వాళ్ళు ఆరేసుకోవడమే.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టాక ఎలాగూ ఎవరూ కదల్లేదు, ఆ రోజుల గురించి వాదన అనవసరం. అసలు దెబ్బ సడలింపులు వచ్చాక తగిలింది. మగవాళ్ళు మళ్ళీ ప్రకాశం బ్యారేజీ మీద, కరకట్ట మీద కనిపించారు, ఆడవాళ్ళు మాత్రం రాలేదు. వైరస్ భయం ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. పనిమనిషి రాదు, ఆయనకి ఇంట్లోనే ఆఫీసు, పిల్లలకి ఇంట్లోనే బడి, రోజంతా పొయ్యి దగ్గరే. పైగా అత్తగారికి షుగర్ ఉంటే, "షికారుకెళ్ళి అంటించుకొచ్చింది" అనే మాట ఎప్పుడు పడాల్సివస్తుందోనని టెన్షన్. 2021 మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కర్ఫ్యూ పెట్టి, పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా మాత్రం వదిలారు. కూరగాయలు, మందులు, బ్యాంకు, వంట, అన్నీ ఆ ఆరు గంటల్లోనే. ఇంక సైకిలెప్పుడు?

గ్రూపు చల్లారిపోకుండా చాలామంది పట్టుకున్న ఉపాయం ఆన్‌లైన్ ఛాలెంజ్: నెలలో ఎవరెన్ని కిలోమీటర్లు తొక్కారో యాప్‌లో పెట్టడం. నాకైతే అది గ్రూపుని నిలబెట్టేది కాదు, విడగొట్టేది అనిపిస్తుంది. తీరిక ఉన్న నలుగురు పైకి పోతారు, కొత్తగా చేరినవాళ్ళు తమ అంకె చూసుకుని మెల్లగా జారుకుంటారు. వీడియో మీటింగులంటారా, ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోనూ పిల్లాడి క్లాసుల్లో ఉండేది.

పనికొచ్చింది ఏంటంటే, ఒకే వీధి చుట్టుపక్కల ఉండే ముగ్గురు, ఎప్పుడూ ఆ ముగ్గురే, ఎడంగా, తొందరగా ఇంటికి చేరుకోగల దారిలో తొక్కడం. ఒకరికి జ్వరం వస్తే ఆగేది ఆ ముగ్గురే, మిగతావాళ్ళు కాదు. కొండ దిగడాలు పూర్తిగా బంద్, ఎందుకంటే ఆసుపత్రిలో మంచం దొరకని రోజుల్లో చెయ్యి విరగ్గొట్టుకునేంత ధైర్యం ఎవరికీ అక్కర్లేదు. మట్టి గట్టు మీదే బరువు వెనక్కి వేసి బ్రేక్ మెల్లగా పట్టడం, కాలు దించకుండా మలుపు తిరగడం సాధన చేయొచ్చు. నిజానికి మామూలు రోజుల్లో కొండ ఎక్కే తొందరలో ఇవెవరూ నేర్చుకోరు!

అప్పట్లో షాపులు మూసుండేవి కాబట్టి రిపేర్లు కూడా డాబా మీదే. కరకట్ట పక్కన తుమ్మముల్లు టైరులోకి దిగి విరిగిపోతుంది, పైకి కనపడదు. చక్రం ఊడదీసి, టైరు ఒక అంచు లేపి ట్యూబు లాగి, గాలి కొట్టి బకెట్ నీళ్ళలో ముంచితే బుడగలు ఎక్కడో తెలుస్తుంది. అక్కడ తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ (ప్యాచ్ జిగురు) రాసి, అది కాస్త ఆరాకే ప్యాచ్ వేయాలి. ఆ తర్వాత టైరు లోపల వేలు మెల్లగా తిప్పుతూ ముల్లు మొన వెతకాలి, అది మరిచిపోయి బిగిస్తే గేటు దాటకముందే మళ్ళీ పంక్చరే. ఇది చేతనైన ఆవిడ దారిలో ఆగిపోతానేమోనని ఇంట్లోవాళ్ళని అడిగి బయల్దేరదు.

మళ్ళీ మొదలుపెట్టడంలోనూ చాలా గ్రూపులు తొందరపడ్డాయి. ఊరంతా తెరుచుకుంది కదా అని మొదటి రైడ్‌కే కొండవీడు ఘాట్ పెట్టారు. కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ళు సగం మలుపులకే ఆయాసపడి దిగిపోయారు, వాళ్ళలో కొందరు మళ్ళీ మెసేజ్‌కి జవాబివ్వలేదు. మొదటి నెలంతా దగ్గర్లో ఉన్న ఉండవల్లి దాకా వెళ్ళి టీ తాగి వస్తే సరిపోయేది.