రెండేళ్ళ రిపేరు, రెండు నిమ్మకాయలు

రైసుమిల్లు కాటా మీదికి మా కారు ఎక్కగానే కాటా కుర్రాడు కిటికీలోంచి తల బయటపెట్టి, "లోడేదబ్బా?" అన్నాడు. నెల్లూరులో ఆ కాటా మీదికి ధాన్యం లారీలు తప్ప ఇంకోటి ఎక్కదు. వెనక సీటు లేదు, తలుపులకు లోపలి అట్టలు లేవు, ఒక పక్క ఎరుపు, మరో పక్క ప్రైమర్ బూడిద రంగు. మా పాత మారుతి ఎస్టీమ్ స్క్రాపుకి పోతోందని ఆ పిలకాయ అనుకున్నట్టున్నాడు.

"లోడు లేదు. కారే తూకం వెయ్యాల" అన్నాడు మా మెకానిక్ మేస్త్రి.

780 కిలోలు చూపించింది. రెండేళ్ళ కిందట ఇదే కాటా మీద 870. డ్రాగ్ రేసు కోసం ఆ తొంభై కిలోలు తగ్గించడానికి మేస్త్రి కారులో విప్పని బోల్టు లేదు. గొళ్ళెం దగ్గర రెండంగుళాల బోల్టుంటే అంగుళం కోసి పారేసిన మనిషి. పరీక్షలో ఫస్టు వచ్చిన బిడ్డ మార్కుల కాగితంలా ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అక్కడితో ఆగి ఇంటికి పోయుంటే బాగుండేది. "డ్రైవరుతో కలిపి ఓసారి చూద్దాం బావా" అని మా బావమరిది లోపలికెక్కి కూర్చున్నాడు. 880.

మేస్త్రి చీటీ వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. రెండేళ్ళ కిందట మా బావమరిది 70 కిలోలు. అతనికి ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలున్నాయి. రేటు పడిపోయినప్పుడు అమ్ముకోవడం కన్నా తినేయడమే లాభమని ఎప్పుడో లెక్క తేల్చుకున్నాడు. కారు నుంచి మేము గ్రాముల్లో తీసింది అతను కిలోల్లో ఎక్కించాడు.

"డ్రైవర్ని మార్చే వీలుందా సామీ?" అని మేస్త్రి నా చెవిలో అడిగాడు. లేదు. కారు ఆర్‌సీ అతని పేరు మీదే ఉంది.

ఇంతకీ డ్రాగ్ రేసంటే ఏమిటో తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. మలుపులుండవు, మెలికలుండవు. పావు మైలు, అంటే 402 మీటర్లు, తిన్నగా పోవాలి. ఈ వరసలో మనం, ఆ వరసలో ఇంకొకడు. ముందర ఒక స్తంభానికి దీపాలుంటాయి. దాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు. పైన చిన్న బల్బులు, కింద పసుపువి, ఆ కింద పచ్చ, అట్టడుగున ఎరుపు. స్టార్టింగ్ లైను దగ్గర నేలకు అంగుళం, రెండంగుళాల ఎత్తున దారికి అడ్డంగా రెండు కాంతి కిరణాలు పోతుంటాయి. ముందు చక్రం మొదటి కిరణానికి అడ్డం రాగానే ఒక బల్బు వెలుగుతుంది. ఇంకో జానెడు ముందుకు జరిగి రెండోదానికి అడ్డం వస్తే రెండో బల్బు. అప్పుడు కారు లైను మీద నిలబడినట్టు లెక్క. పచ్చలైటు పడకముందే చక్రం ఆ కిరణాన్ని వదిలి పోయిందా, ఎర్రలైటు. ఆ తర్వాత ఎంత వేగంగా పోయినా ఓడినట్టే. గడియారం కూడా పచ్చలైటుతో కాదు, చక్రం కిరణాన్ని వదిలిన క్షణం నుంచి నడుస్తుంది.

ఈ కిరణాల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. తర్వాత పని పడుతుంది.

మా మామగారిది ప్రకాశం జిల్లా. ఒంగోలు గిత్తల జతను మేపి తిరునాళ్ళలో బండలాగుడు పందేలకు తోలిన మనిషి. ఈ ఆట గురించి ఆయనకు మొదటిసారి చెప్పినప్పుడు ఓపికగా విని, "ఎంతసేపు పరిగెత్తుద్ది?" అన్నారు.

"పదహారు, పదిహేడు సెకన్లు మామా."

"మా ఎడ్లు అంత బండ కట్టుకుని పావుగంట లాగేవి. పదహారు సెకన్ల దానికి రెండేళ్ళు మేపాలా?"

ఆయన్ని మెప్పిద్దామని అమెరికా సంగతి ఎత్తాను. అక్కడ టాప్ ఫ్యూయెల్ అని ఒక తరగతి ఉంది. ఆ ఇంజన్లు నైట్రోమీథేన్ అనే ఇంధనం తాగి దాదాపు 11,000 హార్స్‌పవర్ తీస్తాయి. ఒక పరుగు అవగానే ఇంజను మొత్తం విప్పేసి, కాలిన భాగాలు మార్చి, గంట లోపల మళ్ళీ బిగించేస్తారు. వేగం మరీ ప్రమాదంగా ఉందని 2008లో ఆ కార్ల పరుగును 1,000 అడుగులకు కుదించారు.

"అడుగుల్లో కొలుస్తారంటే వాళ్ళు పెద్దమనుషులే" అన్నారాయన. బండలాగుడులో కూడా లెక్క అడుగుల్లోనే. ఆ తర్వాత మామూలుగా అడగాల్సింది అడిగారు. "వాళ్ళు గంటలో బిగిస్తే మీకు రెండేళ్ళెందుకు పట్టింది?"

ఎందుకంటే, రెండేళ్ళ కిందట పోటీలో మూడో గేరులో ఉండగా ఇంజను లోపలి కనెక్టింగ్ రాడ్ విరిగి, ఇంజను బ్లాకును పగలగొట్టుకుని బయటికి తొంగిచూసింది. వేరే బ్లాకు వెతకడానికి అయిదు నెలలు. దొరికిన బ్లాకును సిలిండర్ల బోరింగుకు లేత్ షాపులో ఇచ్చాం. అప్పుడే వరికోతలు మొదలయ్యాయి. కోతమిషను షాఫ్టు విరిగిందని ఒక రైతు ఏడుస్తూ వస్తే లేత్ మేస్త్రి మా బ్లాకును పక్కన పెట్టాడు. అది న్యాయమే. కోతలయ్యాక రొయ్యల గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు వచ్చాయి. గాలి ఆగితే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి, కాబట్టి అదీ న్యాయమే. వాటిలో మూడు ఏరేటర్లు మా బావమరిదివే. తన కారుకు తానే అడ్డం పడ్డాడు. ఇక మా మేస్త్రి, "సోమవారానికి ఇచ్చేస్తా సామీ" అని ఎప్పుడూ చెబుతూనే ఉన్నాడు. ఏ సోమవారమో చెప్పకపోవడం మా ఊరి మెకానిక్కులకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఆ రెండేళ్ళలో మా ఇంటికి జరిగిన లాభం ఒక్కటే. కారు వెనక సీటు మా వసారాలోకి వచ్చింది. "మీ రేసుల్లో నాకు దక్కింది ఇదొక్కటే" అంటూనే మా ఆవిడ దాని మీద కూర్చుని కూరగాయలు తరుగుతుంది.

మేస్త్రికి పనిలో ఎంత నమ్మకమో దేవుళ్ళ మీద కూడా అంతే నమ్మకం. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు పోయి స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్ళు పంచే రొట్టెల్లో తనకు కావాల్సింది వెతికాడట. విద్య రొట్టె ఉంది, ఉద్యోగ రొట్టె ఉంది, పెళ్ళి రొట్టె ఉంది, రేసు రొట్టె ఎవరి దగ్గరా లేదు. చివరికి ఆరోగ్య రొట్టె పట్టుకొచ్చాడు, ఇంజను కోసం. పని పూర్తయ్యాక మొదటిసారి సెల్ఫ్ కొడితే ఇంజను ఒక్క దెబ్బకు అందుకుంది. ఆ శబ్దానికి ఆటోనగర్‌లో పక్క షెడ్డు వాళ్ళు కూడా చేస్తున్న పని వదిలేసి వచ్చారు. నిజం చెప్పాలంటే నాకు కళ్ళు చెమర్చాయి. సైలెన్సర్ లేకపోవడం వల్ల పొగ కూడా కొంచెం కారణం కావచ్చు.

ప్రాక్టీసు ఎక్కడ చెయ్యాలన్నది ఇంకో సమస్య. "కొరిశపాడు దగ్గర హైవే మీదే విమానాలు దిగే రన్‌వే ఉంది గదా బావా, నాలుగు కిలోమీటర్లు పైనే" అన్నాడు బావమరిది. 2022 డిసెంబరులో వాయుసేన విమానాలతో అక్కడ ట్రయల్ చేసినప్పుడు మేమూ వార్తల్లో చూశాం.

"విమానాల కోసం హైవే ఆపినారు. నీ కోసం ఆపరు, నిన్ను ఆపుతారు" అన్నాడు మేస్త్రి. దాంతో షెడ్డులోనే, కారు అంగుళం కదలకుండా, క్లచ్ వదలడం ప్రాక్టీసు చేశాం.

పోటీ చెన్నై అవతల, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో. కారును తీసుకెళ్ళడానికి బావమరిది రొయ్యల వ్యాను తప్ప వేరే గతి లేదు. ఎన్ని నీళ్ళు కొట్టి కడిగినా, తడ దాటేసరికి కారుకు ఆ వాసన బాగా పట్టింది. ట్రాకులో తనిఖీ చేసేవాళ్ళు బ్యాటరీ గట్టిగా బిగించారా, సీటు బెల్టులు సరిగా ఉన్నాయా, హెల్మెట్ ఎలాంటిదని ఒక్కొక్కటే చూస్తారు. మా కారు బానెట్ ఎత్తిన ఆయన ఒకటికి రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, కూలెంట్ లీకవుతోందా అని వంగి చూశాడు. లీకు లేదు. రేడియేటరు పక్కన ఒక రొయ్య పొట్టు దొరికింది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మా వైపు చూశాడు. "లక్కీ" అన్నాడు బావమరిది. ఆయనేం అనకుండా స్టిక్కర్ అంటించి పంపాడు.

మా వంతు వచ్చింది. బావమరిది టైర్లు వేడెక్కడానికి ముందు చక్రాలను అక్కడికక్కడే తిప్పి పొగ లేపాడు. కారును లైను దగ్గరికి సైగలతో నడిపించే పని మేస్త్రిది. రెండేళ్ళు ఎదురుచూసిన ఆ క్షణంలో అతను అడుగు ముందు కారును ఆపి, టైరులో గాలి చూస్తున్నట్టు వంగాడు. ఒక పక్క వంగి లేచాడు, రెండో పక్క కూడా వంగి లేచాడు. రెండు పక్కలా గాలి చూడ్డమెందుకో నాకు అప్పుడు తోచలేదు. కొత్త బండి షోరూము నుంచి కదిలేముందు మనవాళ్ళు ఏం చేస్తారో మీకు తెలుసు కదా. అదే చేశాడు. పొదలకూరు మార్కెట్లో ఏరి తెచ్చిన నిమ్మకాయలు, ఒక్కొక్కటి కోడిగుడ్డంత.

కారు మెల్లగా జరిగింది. నిమ్మకాయలు నలగలేదు. గట్టి కాయలు కావడంతో టైర్ల ముందు దొర్లుకుంటూ పోయాయి. మొదటి బల్బు వెలిగింది. అది చక్రం వల్ల. వెంటనే రెండో బల్బు కూడా వెలిగింది. అది నిమ్మకాయ వల్ల. రెండు బల్బులూ చూసి బావమరిది బ్రేకు తొక్కాడు. అంటే లైను మీద నిలబడింది మా కారు కాదు, దానికి బెత్తెడు ముందున్న నిమ్మకాయ. పోటీకి సిద్ధంగా ఉన్నట్టు ట్రాకు వాళ్ళ లెక్కలోకి ఎక్కిందీ అదే.

పసుపు లైట్లు మొదలయ్యాయి. బావమరిది క్లచ్ కొద్దిగా వదిలాడు. కారు రెండంగుళాలు ముందుకు ఉలికింది. ఇక అంతే, టైరు అంచు తగిలి, గోలీలాటలో దెబ్బతిన్న గోలీలా నిమ్మకాయ పక్కకు ఎగిరిపోయింది. కిరణం ఖాళీ అయింది. ఎర్రలైటు!

మా బావమరిది ఆ ఎరుపును చూడలేదు. చూసినా ఆగేవాడు కాదనుకోండి. మా ఊళ్ళో సిగ్నళ్ళ దగ్గర అతనికి ఆ అలవాటు లేదు. పక్క వరసలో పచ్చలైటు పడింది, రెండు కార్లూ దూసుకుపోయాయి, గెలిచింది మా కారే! బావమరిది చెయ్యి బయటపెట్టి ఊపుతున్నాడు. మేము మాత్రం స్తంభం వైపు చూస్తూ నిలబడ్డాం.

కాసేపటికి ట్రాకు మనిషి ఒకాయన నలిగిన నిమ్మకాయను కాగితంలో పట్టుకుని వచ్చాడు. రేసు దారి మీద చుక్క నీళ్ళు పడినా టైరు జారుతుందని తుడిచే చోట మేము నిమ్మరసం పోశాం. "ఇదు ఎన్న?" అన్నాడు. మేస్త్రికి వచ్చిన తమిళం తక్కువ. ఉన్నదంతా కూడదీసుకుని, చాలా వినయంగా, "ఎలుమిచ్చంపళం సార్" అన్నాడు.

ఆయనకు తెలియక అడగలేదు. వాళ్ళ ఊళ్ళోనూ కొత్త బండికి ఇదే మర్యాద జరుగుతుంది. నవ్వు ఆపుకుంటూ మందలించి, మాతోనే ఆ చోటంతా తుడిపించి, టైము చీటీ చేతిలో పెట్టాడు. 16.9 సెకన్లు, ఫౌల్. రెండేళ్ళ కిందటి మా టైము కన్నా తక్కువే. కానీ గడియారాన్ని మొదలుపెట్టింది నిమ్మకాయ, ఆపింది కారు. అందులో ఎవరి వాటా ఎంతో తేల్చలేక సూళ్ళూరుపేట దాకా వాదించుకున్నాం. టీ కొట్టు దగ్గర బావమరిది మూడు ప్లేట్ల బజ్జీలు తిన్నాడు. ఆ రోజు ఎవరూ ఆపలేదు.

మరునాడు మామగారు ఫోన్ చేసి అంతా విన్నారు. "ఎద్దుకైతే దిష్టి తీసి కాయను అవతల పారేస్తాం. కాళ్ళ కింద పెట్టి పరిగెత్తమంటే అది మాత్రం ఎట్టా పరిగెత్తుద్ది?" అని పెట్టేశారు.

సాయంత్రం వసారాలో కారు సీటు మీద ముగ్గురం వరసగా కూర్చున్నాం. సంచీలో మిగిలిపోయిన నిమ్మకాయలు పిండి మా ఆవిడ మూడు గ్లాసులు తెచ్చింది. "అక్కా, చక్కెర వద్దు, ఉప్పే వెయ్యి. వెయిట్ తగ్గాల" అన్నాడు బావమరిది.

మేస్త్రి మాట్లాడకుండా సగం గ్లాసు తాగాడు. తర్వాత నా వైపు తిరిగి, "సామీ, ఆ కిరణం నేలకు ఎంత ఎత్తులో ఉంటుందన్నారు?" అని అడిగాడు.

"అంగుళం, రెండంగుళాలు ఉండొచ్చు."

వేళ్ళతో గాల్లో కొలత చూసుకుని తల ఊపాడు.

"అయితే ఈసారి చిన్న కాయలు తెస్తా."