ఆకాశంలో కొలువు చేసిన రౌటర్ గారికి

అయ్యా,

2009 నవంబర్ 23న కేప్ కెనవెరల్‌లో అట్లాస్-5 రాకెట్టెక్కి, ఇంటెల్‌శాట్-14 ఉపగ్రహం మీద తమరు పైకి వెళ్లారు. తయారీ సిస్కోది, పూనిక అమెరికా రక్షణ శాఖది, పేరు ఐరిస్. జాతకానికి వంక పెట్టడానికి లేదు. నా పేచీ తమరికి వేసిన మార్కులతో: మామూలు ఉపగ్రహం పక్కన నిలబెట్టి, ఆలస్యం సగం చేశారని ఫస్టిచ్చేశారు.

మామూలు కమ్యూనికేషన్ ఉపగ్రహానికి బుర్రతో పని లేదు. కింది నుంచి వచ్చిన సిగ్నల్‌కి ఫ్రీక్వెన్సీ మార్చి, బలం పెంచి, కిందికే దింపేస్తుంది. ఒక డిష్ నుంచి ఇంకో డిష్‌కి ప్యాకెట్, అంటే అడ్రసు రాసిన డేటా ముక్క, పోవాలంటే నేల మీది హబ్ అనే కేంద్ర స్టేషన్‌లో దిగి మళ్లీ పైకెక్కాలి. పక్క బల్ల గుమాస్తాకి ఫైలివ్వడానికి హెడ్డాఫీసు చుట్టి వచ్చినట్టు! తమరు అడ్రసు పైనే చదివి పంపించేస్తారు. ఒక చుట్టు తప్పింది, ఆలస్యం సగమైంది. ఆహా!

ఇంతకీ ఆ మిగిలిన సగం ఎంత? తమరుండేది దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున. ఎక్కి దిగడానికి కాంతికే పావు సెకను. జవాబుతో కలిపి అర సెకను. బుర్ర లేని ఉపగ్రహం పక్కన నిలబెడితే ఎవరైనా ఫస్టే వస్తారు, నేల మీది ఫైబర్ కేబుల్ పక్కన నిలబడి చూడండి.

పైగా ఇంటర్నెట్‌లో డేటా సరిగ్గా చేరిందో లేదో చూసే టీసీపీ అనే పద్ధతి ఉందే, అది మహా అనుమానపు మనిషి. అందినట్టు రశీదు వస్తే గానీ తర్వాతి విడత పంపదు. పాత పద్ధతిలో విడతకి 64 కిలోబైట్లే. అర సెకనుకో విడత అంటే, లింకు ఎంత లావుగా ఉన్నా ఒక్కో కనెక్షన్‌కి సెకనుకి ఒక మెగాబిట్ దగ్గరే ఆగిపోతుంది. దీనికి విరుగుడుగా, ముందే దొంగ రశీదులిచ్చే పెట్టెలు నేల మీద పెడతారు. ప్యాకెట్‌ని మొత్తంగా ఎన్‌క్రిప్ట్ చేస్తే, అంటే రహస్య లిపిలోకి మార్చి తాళం వేస్తే, ఆ పెట్టెలకి ఏమీ కనబడదు. తమరి మొదటి కస్టమరేమో సైన్యం! తాళం వెయ్యకుండా వాళ్లు ఏం పంపుతారు?

సాఫ్ట్‌వేర్ అయితే కింది నుంచే మార్చొచ్చు, ఒప్పుకుంటాను. హార్డ్‌వేర్ మాత్రం ఎక్కిన రోజు ఏదో అదే. ఈలోగా కింద సుమారు 500 కిలోమీటర్ల ఎత్తున స్టార్‌లింక్ ఉపగ్రహ పిల్లలు వేలకొద్దీ దిగి, లేజర్లతో ఒకరికొకరు ప్యాకెట్లు అందించుకుంటున్నారు. ఈసారి పరీక్ష పెడితే వాళ్లతో కలిపి కూర్చోబెట్టమనండి.

ఇట్లు,
భూమ్మీద బఫరింగ్ చూస్తూ కూర్చున్నవాడు

తా.క.: ఉత్తరం అందగానే రశీదు పంపండి. ఆలస్యమైతే మా కంప్యూటర్ కంగారుపడి ఇదే ఉత్తరం మళ్లీ పంపేస్తుంది.