సీసాకి ఎండ తగిలిందా?

సంక్రాంతికో పెళ్లికో ఊరెళ్లొచ్చిన మనవాళ్ల నోట తరచూ వినబడే మాట: ఇండియా వైన్ నోట్లో పెట్టుకోలేం. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి దగ్గరో, విజయనగరం గంటస్తంభం దగ్గరో ఒక సీసా కొని, ఫ్యాను కింద తెరిచి, రెండు గుక్కలు తాగి ఇచ్చేసే తీర్పు అది. అందులో వైన్ తప్పు సగం కూడా ఉండదని మా వాదన. మిగతా తప్పు లారీది, గోడౌన్‌ది, షాపులో పై అరది, ఆఖరికి తాగిన గదిది. వెయ్యి రూపాయలకు అటూఇటూగా దొరికేవాటిలో మంచి సీసాలు ఉన్నాయి. వాటిని పట్టుకోవాలంటే ద్రాక్ష రకం కంటే ముందు వేడి జాడ వెతకాలి.

నాసిక్, సోలాపూర్ వైపు నుంచో, బెంగళూరు పక్కన నంది కొండల నుంచో బయల్దేరిన పెట్టె మన జిల్లాలకు చేరాలంటే వెయ్యి కిలోమీటర్లో, ఇంకా ఎక్కువో లారీలో ఎండకు ఉడకాలి. వచ్చాక ఇక్కడ కదలదు. షాపుకి బేరం బీరు మీదా క్వార్టర్ల మీదా నడుస్తుంది. ఫ్రిజ్ మొత్తం బీరుదే. వైన్ సీసాలు అందంగా ఉంటాయి కాబట్టి అందరికీ కనబడేలా పై అరలో నిలబెడతారు. ఫ్రిజ్ వెనక నుంచి వచ్చే వేడిగాలి తిన్నగా పోయేది కూడా అక్కడికే. వైన్ నిల్వకు 12 నుంచి 15 డిగ్రీలు మంచిది. 30 దాటిన చోట కొన్ని వారాలుంటే పండు వాసన చచ్చిపోయి, ఉడికిన వాసన మొదలవుతుంది. మార్చి నుంచి జూన్ దాకా ఆ అర మీద ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అందుకని లేబుల్ మీద ముందు ద్రాక్ష కోసిన సంవత్సరం చూడండి. యూరప్‌లోనూ అమెరికాలోనూ కోత సెప్టెంబరు ప్రాంతంలో. మన దగ్గర జనవరి నుంచి మార్చిలోపు కోసేస్తారు. కాబట్టి 2025 డిసెంబరులో కొనే తెల్ల వైన్ మీద 2025 అని ఉంటే, అది షాపు అర మీద మే నెల చూసి ఉండే అవకాశం తక్కువ. 2024 అని ఉంటే ఒక వేసవి చూసినట్టే, 2023 అయితే రెండు. ఈ ధరలో దొరికే తెల్లవీ, గులాబీ రంగు రోజేలూ దాచుకుని తాగే సరుకు కాదు. రెండు వేసవులు చూసిన సీసా డిస్కౌంట్‌కి ఇస్తామన్నా వద్దనండి. తియ్యటి పోర్ట్ రకాల మీద సంవత్సరం ఉండకపోవచ్చు, అప్పుడు వెనక లేబుల్ మీద ఉండే తేదీ చదవండి.

తర్వాత మెడ. ఒకే రకం సీసాలు రెండు పక్కపక్కన పెడితే మట్టం తేడా తెలిసిపోతుంది. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది, అంచుల వెంట కారుతుంది, చల్లబడ్డాక అదే సందులోంచి గాలి లోపలికి పోతుంది. బిరడా మూతి అంచు దాటి ఉబ్బినా, తొడుగు కింద జిగురుగా తగిలినా ఆ సీసా వద్దు. గాజు తెల్లగా ఉంటే రంగు కూడా చూడండి. లేత నిమ్మపండు రంగు ఉండాల్సిన వైన్ తేనె రంగుకి తిరిగిందంటే దాని పని అయిపోయింది. ట్యూబ్‌లైటు పక్కన నెలలు ఉన్న తెల్లగాజు సీసాకి ఉడికిన క్యాబేజీ వాసన కూడా పడుతుంది. స్క్రూ మూత ఉన్నవాటినే మేం ముందు ఎంచుకుంటాం. మూత వేడిని ఆపదు గానీ, కారడం తక్కువ, బిరడా వల్ల వచ్చే బూజు వాసన గొడవ ఉండదు. అడుగున గాజుముక్కల్లా స్ఫటికాలు కనిపిస్తే మాత్రం కంగారు అక్కర్లేదు, అది టార్టారిక్ ఆమ్లపు లవణం.

తప్పు వైన్‌దా, షాపుదా అని కాస్త గట్టిగా తేల్చాలంటే ఒక పద్ధతి ఉంది. అదే లేబుల్, అదే సంవత్సరం సీసా ఒకటి విశాఖపట్నంలో ఏసీ ఉన్న పెద్ద షాపులో కొనండి. ఎమ్మార్పీ ఒకటే. వచ్చేటప్పుడు కారు డిక్కీలో వదిలేసి భోజనానికి దిగకండి, అంత జాగ్రత్తా అక్కడే పోతుంది. రెండు సీసాలకూ పేపరు చుట్టి, ఒక్కొక్కరి ముందు మూడు గ్లాసులు పెట్టండి: రెండింట్లో ఒక సీసాది, మూడోదాంట్లో రెండో సీసాది, గ్లాసుకి 50 మిల్లీలీటర్లు. వేరేది ఏదో చెప్పాలి. నలుగురు తాగితే కనీసం ముగ్గురు గుర్తుపట్టారంటే అది ఊరికే కుదిరే అవకాశం తొమ్మిదింట ఒక్కటే. అప్పుడిక వైన్ తయారు చేసినవాణ్ణి తిట్టే ముందు షాపు అరను తిట్టాలి.

గది సంగతి. ఎర్ర వైన్ గది వేడిలోనే తాగాలన్న మాట చలిదేశాల గదుల కోసం పుట్టింది. దానికి 16 నుంచి 18 డిగ్రీలు కావాలి, మన వసారాలో జనవరి మధ్యాహ్నం కూడా అంతకంటే ఎక్కువే. 30 డిగ్రీల దగ్గర ముక్కుకి స్పిరిట్ తప్ప ఇంకేమీ అందదు. ఎర్రదైనా గంట, గంటన్నర ఫ్రిజ్‌లో పెట్టండి. తొందరైతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి మెడదాకా ముంచితే ఎర్రదానికి పది నిమిషాలు, తెల్లదానికి ఇరవై పైన పడుతుంది. ఉత్త ఐసులో గుచ్చితే లాభం లేదు, నీళ్లుంటేనే సీసాకి చుట్టూ చలి తగులుతుంది. అతిగా చల్లబరిస్తే లోపాలు దాక్కుంటాయి. తీర్పు చెప్పేటప్పుడు తెల్లదాన్ని 10 డిగ్రీల దగ్గర చూడండి.

గ్లాసు గాజుదే కావాలి, మూతి కొంచెం లోపలికి తిరిగి ఉండాలి, డిష్‌వాష్ సబ్బు వాసన రాకూడదు. మల్లెపూలు, అగరొత్తి, పొయ్యి మీద మసాలా ఉన్న గదిలో వాసన చూడటం వృథా. తిప్పి ముక్కు పెట్టగానే ఎండుద్రాక్ష, మాడిన పంచదార తగిలి, నోట్లో మాత్రం పండు లేకుండా చేదు మిగిలితే అది వేడి దెబ్బ. తడిసిన అట్టపెట్టె వాసన బిరడాది. నెయిల్ పాలిష్ తుడిచే మందు వాసన తయారీలోనే పడిన దోషం, దానికి షాపు బాధ్యత లేదు. కాలిన అగ్గిపుల్ల వాసన గంధకానిది, ఐదు నిమిషాలు తిప్పితే పోతుంది. కుళ్లిన గుడ్డు వాసనకి శుభ్రమైన రాగితో కలిపితే గుణం కనిపిస్తుంది. అందుకోసం పూజగదిలో ఉద్ధరిణి జోలికి పోకండి.

దోషం లేదనుకున్నాకే మార్కులు. పులుపు ఉందా, పండు ఉందా, మింగాక రుచి ఎంతసేపు నిలిచింది, అంతే. ద్రాక్ష రకాన్ని బట్టి, తెల్లవాటిలో చెనిన్ బ్లాంక్ అయితే జామకాయ, సావిన్యాన్ బ్లాంక్ అయితే పచ్చిమిరప, ఎర్రదైన షిరాజ్‌లో నేరేడు, మిరియం వెతకండి. దొరక్కపోయినా పర్లేదు, పులుపు లేకపోతే మాత్రం క్షమించొద్దు. మధ్యమధ్యలో నీళ్లు, ఉప్పులేని మురీలు చాలు. పలాస జీడిపప్పు వేయించి ఉప్పు చల్లి పక్కన పెట్టారంటే నూనె, ఉప్పు కలిసి వగరును కప్పేస్తాయి, చవక ఎర్ర వైన్ కూడా గొప్పగా అనిపిస్తుంది. మార్కులు వేశాక తినండి.

భోజనంలోకి వచ్చేసరికి చేపల పులుసు పక్కన ఏ వైన్ కూడా నిలబడదని మా నమ్మకం. చింతపండు ముందు వైన్ పులుపు చప్పబడిపోతుంది. ఎర్రదైతే అందులోని ఇనుము చేపతో కలిసి నీచుగా తగులుతుంది. అదే వంజరం వేపుడు, రొయ్యల వేపుడు అయితే కొద్దిగా తీపి ఉంచిన చల్లటి చెనిన్ చక్కగా కుదురుతుంది. కారం ఎక్కువైన కొద్దీ ఆల్కహాల్ మంటను పెంచుతుంది, ఆ తీపి కాస్త తగ్గిస్తుంది. ఆవపెట్టిన పనసపొట్టు కూరకి మాత్రం మజ్జిగే దిక్కు.

ఇంకో మాట. ఇది జ్యూసు లాంటిదని ఇంట్లో పెద్దవాళ్లకి పోసేవాళ్లు లెక్క చూసుకోవాలి. 13 శాతం వైన్ ఫుల్ సీసా, 750 మిల్లీలీటర్లలో, 180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టర్ కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉంటుంది. నాలుగైదు రకాలు వరసగా రుచి చూస్తుంటే ఉమ్మడానికి చెంబు పెట్టుకోవాలి, సిగ్గు పడొద్దు. మిగిలింది మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు బాగుంటుంది.

2019 నుంచి ఐదేళ్లు ప్రభుత్వమే షాపులు నడిపినప్పుడు కౌంటర్లో వాళ్లని అడిగి ప్రయోజనం ఉండేది కాదు. 2024 అక్టోబరు 16 నుంచి షాపులు మళ్లీ ప్రైవేటువి, డిపో నుంచి ఏం తెప్పించాలో ఓనరు చూసుకుంటాడు. బీరు ఫ్రిజ్ కింది అరలో ఆరు వైన్ సీసాలకి చోటు ఇవ్వడం అతనికి పెద్ద పనేం కాదు. “కూలింగ్‌లో ఉన్న వైన్ ఉందా బాబూ?” అని అడగండి. లేదంటే పై అర చూపిస్తాడు. అది తీసుకోకుండా వచ్చేయండి, ఎందుకు తీసుకోలేదో చెప్పి మరీ.